ఎనిమిదీ పదహారూ

అనగనగా హనుమకొండలో ఒక తండ్రి ఉండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు ఇళ్లు కట్టించేవాళ్ల దగ్గర ప్లాన్లు తీసుకుని, కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసి ఇచ్చేవాడు. చిన్నవాడు చదువుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా గేములు ఆడేవాడు. కూతురు అందరికన్నా చిన్నది. 2019లో తండ్రి కొడుకులిద్దరికీ ఒకే దుకాణంలో ఒకే రకం కంప్యూటర్లు కొనిచ్చాడు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ ఒకటే. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పెట్టాడన్న మాట ఎన్నడూ రాకూడదని ఆయన పట్టుదల.

నాలుగేళ్లకు ఆ కంప్యూటర్లలోని గ్రాఫిక్స్ కార్డులు పాతబడిపోయాయి. పెద్దవాడి బొమ్మలు తయారవడానికి రాత్రంతా పట్టేది. చిన్నవాడి గేములు ముక్కుతూ మూలుగుతూ నడిచేవి. తండ్రి రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి కొంత తీసి ఇద్దరికీ సమానంగా పంచాడు. కొత్త కార్డు కొనుక్కోమని, మిగిలితే ఎవరి ఇష్టం వారిదని చెప్పాడు. 2023 ఆగస్టులో అన్నదమ్ములు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లారు. పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్ మెట్లెక్కి నాలుగు దుకాణాలు తిరిగి, చివరకు ఒక పాత దుకాణంలో నిలబడ్డారు.

దుకాణదారు రెండు డబ్బాలు తెచ్చి గల్లా మీద పక్కపక్కన పెట్టాడు. రెండింటి మీదా పేరు ఒక్కటే, ఆర్‌టీఎక్స్ 4060 టీఐ. లోపలి చిప్పు ఒక్కటే. రెండింటిలోనూ 4352 కోర్లే. ఒకదాని మీద 8 జీబీ అని, రెండోదాని మీద 16 జీబీ అని రాసి ఉంది. అమెరికాలో మొదటిది మే నెలలో 399 డాలర్లకు, రెండోది జూలైలో 499 డాలర్లకు విడుదలయ్యాయి. ఆ 100 డాలర్ల తేడా పన్నులన్నీ కలిసి ఇక్కడికొచ్చేసరికి పది వేల రూపాయల దాకా తేలింది.

పెద్దవాడు ఎక్కువసేపు ఆలోచించలేదు. పదహారు ఎనిమిదికి రెట్టింపు కాబట్టి పని కూడా ఆ మేరకు పెరుగుతుందనుకున్నాడు. తండ్రి ఇచ్చిన డబ్బంతా పెట్టి పెద్ద అంకె ఉన్న డబ్బా తీసుకున్నాడు. చిన్నవాడు కూడా ఎక్కువసేపు ఆలోచించలేదు. చిప్పు ఒక్కటే అయినప్పుడు పది వేలు ఎక్కువ పెట్టడం దండగనుకున్నాడు. ఎనిమిది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఇంకో 16 జీబీ ర్యామ్, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాడు. సాయంత్రం రైలుకు ఇద్దరూ తమ తమ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఊరు చేరారు.

ఆ రాత్రే కార్డులు బిగించారు. రెండు కంప్యూటర్లనూ ఒక బల్ల మీద పెట్టి, ఒకే గేమును, ఒకే సెట్టింగులతో, ఒకే చోట నుంచి మొదలుపెట్టారు. తెర మూలన సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూపే అంకెను పెట్టుకున్నారు. అటు 91 అంటే ఇటు 91. అటు 88కి దిగితే ఇటూ 88కి దిగింది. రెండో గేము వేశారు, మూడోది వేశారు. తేడా లేదు. పైగా చిన్నవాడి గేములు కొత్త ఎస్‌ఎస్‌డీ వల్ల అన్నవాటికన్నా ముందే తెరుచుకున్నాయి. పెద్దవాడి ముఖం చిన్నబోయింది. మర్నాడు దుకాణానికి ఫోన్ చేసి కార్డు మార్చి ఇవ్వమని అడిగాడు. సీలు తీసిన డబ్బా వెనక్కి తీసుకోవడం కుదరదని దుకాణదారు చెప్పేశాడు.

పెద్దవాడు పోగొట్టుకున్నదేమిటో తెలుసుకుందామని కూర్చున్నాడు. మొదట ఒక చిన్న లెక్క వేశాడు. తన తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. చుక్కకు 4 బైట్లు చొప్పున మొత్తం బొమ్మకు పట్టేది దాదాపు 8 ఎంబీ. కంటికి కనిపించే బొమ్మ కోసమే అయితే 16 జీబీ కాదు, అందులో వెయ్యో వంతు చాలు. తర్వాత కార్డు తయారీ గురించి చదివాడు. తమ్ముడి కార్డులో 2 జీబీ చొప్పున 4 మెమరీ చిప్పులున్నాయి. ఒక్కో దానికీ 32 బిట్ల దారి, అన్నీ కలిసి 128 బిట్లు. తన కార్డులో మరో 4 చిప్పులు బోర్డు వెనకవైపు అతికించారు. అయితే వాటికి కొత్త దారులు వేయలేదు. ముందున్న చిప్పూ వెనకున్న చిప్పూ ఒకే దారిని పంచుకున్నాయి. అందుకే రెండు కార్డుల్లోనూ సెకనుకు చిప్పుకు చేరే సమాచారం 288 జీబీయే. చోటు రెట్టింపైంది గానీ రాకపోకలు ఒక్క జీబీ కూడా పెరగలేదు. ఇది తెలిశాక అతనికి బాధ ఇంకా ఎక్కువైంది.

చిన్నవాడు మాత్రం ఆ సంగతిని తెలివైన కొనుగోలుకు రుజువుగా కాలేజీలో అందరికీ చెప్పాడు. అతని మాట విని ఇద్దరు స్నేహితులు 8 జీబీ కార్డులే కొన్నారు.

ఆ ఇంటి పక్కన ఒక కుర్రాడు ఉండేవాడు. అతనికి అన్నదమ్ముల సంగతి సగమే తెలిసింది. పెద్దవాడు పదహారు కొన్నాడని మాత్రం విన్నాడు, కాబట్టి మెమరీయే అన్నిటికన్నా ముఖ్యమని నమ్మాడు. అతని దగ్గరున్నది కొద్ది డబ్బు. అతనికి ఒక దుకాణంలో జీటీ 1030 పేరుతో రెండు కార్డులు చూపించారు. ఒకదానిలో 2 జీబీ, రెండోదానిలో 4 జీబీ. అతను నాలుగు తీసుకుని సంతోషంగా ఇంటికొచ్చాడు. గేము పెట్టగానే సంతోషం ఆవిరైంది. అదే పేరున్న 2 జీబీ కార్డు తన స్నేహితుడి ఇంట్లో హాయిగా నడిపే గేము, తన 4 జీబీ కార్డు మీద ఈడ్చుకుంటూ నడిచింది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని అతను చదవలేదు. 2 జీబీ కార్డులో ఉన్నది జీడీడీఆర్5 మెమరీ, దాని వేగం సెకనుకు 48 జీబీ. అతను కొన్నదాంట్లో ఉన్నది డీడీఆర్4, దాని వేగం 16.8 జీబీ. చోటు రెట్టింపు తీసుకుని, వేగంలో దాదాపు మూడింట రెండు వంతులు వదులుకున్నాడు. పక్కింటి కుర్రాడి కార్డు సంగతి తెలిశాక చిన్నవాడికి తన నమ్మకం మీద ఇంకా గురి కుదిరింది. ఎక్కువ మెమరీ అన్నది అమ్మేవాళ్ల మాయ అని తేల్చేశాడు.

కొన్ని నెలలు అలా గడిచాయి. ఒక సెలవు రోజున చిన్నవాడు హాగ్వర్ట్స్ లెగసీ అనే గేము పెట్టాడు. సెట్టింగులన్నీ పైకి జరిపాడు. వెలుగునీడలను నిజంలా చూపే రే ట్రేసింగ్ కూడా ఆన్ చేశాడు. తెర మూలన అంకె బాగానే ఉంది. అయితే కోటలోకి నడుస్తుంటే గోడలు వింతగా కనిపించాయి. దూరం నుంచి రాతి గోడలా ఉన్నది, దగ్గరికి వెళ్లేసరికి తడి మట్టి పూసినట్టు అలుక్కుపోయింది. గోడకు వేలాడదీసిన పటం దగ్గర నిలబడితే అందులోని ముఖానికి కళ్లు, ముక్కు తెలియలేదు. నాలుగైదు సెకన్లకు కళ్లు తేరుకున్నాయి. పక్కకు తిరిగి మళ్లీ చూస్తే మళ్లీ మాయమయ్యాయి. అన్న కంప్యూటర్‌లో అదే పటం అడుగు పెట్టిన క్షణం నుంచీ స్పష్టంగా ఉంది. చిన్నవాడు దాన్ని గేములోని లోపం అనుకున్నాడు. ఫ్రేముల అంకె సమానంగా ఉన్నంతకాలం తన కార్డు అన్న కార్డుకు సమానమేనని అతని లెక్క.

2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ విడుదలైంది. అందులో టెక్స్‌చర్ల కోసం ఎంత మెమరీ కేటాయించాలో ఆడేవాడే ఎంచుకునే సెట్టింగు ఒకటి ఉంది. అన్నదమ్ములిద్దరూ దాన్ని బాగా పైకి జరిపి ఆట మొదలుపెట్టారు. అన్న తెర మీద గేము సాఫీగా సాగిపోయింది. తమ్ముడి తెర మీద కెమెరా తిప్పగానే బొమ్మ ఆగింది. మళ్లీ ఒక ఎగురు ఎగిరింది, మళ్లీ ఆగింది. 60 దాటి ఉండాల్సిన అంకె 12కు పడిపోయింది. అదే చిప్పు, అవే 4352 కోర్లు, అదే కంప్యూటర్. ఏడాదికి పైగా సమానంగా నడిచిన రెండు కార్డులు ఆ ఒక్క సాయంత్రం నేలకూ నింగికీ ఉన్నంత దూరం జరిగాయి.

ఈసారి తెలుసుకుందామని కూర్చున్నది చిన్నవాడు. అతనూ లెక్కతోనే మొదలుపెట్టాడు. గోడకో, చొక్కాకో, నేలకో అతికించే మంచి టెక్స్‌చర్ ఒకటి 4096 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు ఉంటుంది. అలాగే ఉంచితే 64 ఎంబీ. కార్డుకు అర్థమయ్యే పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న నకళ్లు కూడా కలిపితే 21 ఎంబీ దాటుతుంది. పైగా ఒక్క గోడకే రంగుకు ఒకటి, గరుకుదనానికి ఒకటి, ఎగుడుదిగుడులకు ఒకటి చొప్పున ఇలాంటివి మూడు నాలుగు కావాలి. ఒక వీధిలో ఇలాంటి వస్తువులు వందలుంటాయి. ఆ పైన రే ట్రేసింగ్‌కు వేరే చోటు కావాలి. ఫ్రేములను కల్పించి ఇచ్చే ఫ్రేమ్ జనరేషన్ కూడా కొంత చోటు తీసుకుంటుంది. గేము రాసేవాళ్లకు ముందున్న నమూనా 2020 నవంబరులో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోళ్లు. వాటిలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ పంచుకునే మెమరీ 16 జీబీ. ఆ కొలతకు కుట్టిన గేము 8 జీబీలో ఇమడడం ఏటేటా కష్టమవుతూ వచ్చింది.

కార్డులో చోటు అయిపోతే సరుకు ఎక్కడికి పోతుందో కూడా అతను తెలుసుకున్నాడు. అది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. అక్కడి నుంచి మళ్లీ కార్డులోకి రావాలంటే మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి పట్టాలి. ఆ కార్డుకు కంపెనీ ఇచ్చింది 8 లేన్లే. 2019 నాటి వాళ్ల మదర్‌బోర్డు మూడో తరానిది. ఆ దారిలో సెకనుకు వచ్చేది 8 జీబీకి కాస్త తక్కువ. కార్డు లోపల 288, బయటి నుంచి 8. అంటే 36వ వంతు. చిప్పు ఎంత వేగంగా లెక్క కట్టగలిగినా, తర్వాతి సరుకు వచ్చేదాకా ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. అతను ఎంతో ఇష్టంగా అదనంగా వేయించిన ర్యామ్ ఆ సరుకును దాచగలిగింది గానీ, దాన్ని వేగంగా అందించలేకపోయింది.

చిన్నవాడు రెండు రోజులు దిగులుపడ్డాడు. మూడో రోజున ఆ సెట్టింగును కిందికి జరిపి చూశాడు. గేము మళ్లీ లేచి నడిచింది. అంకె అన్న అంకెకు దాదాపు సమానమైంది. రెండు తెరల ముందూ నిలబడి పోల్చి చూస్తే, దగ్గరి గోడల మీద తప్ప తేడా కనిపించలేదు. ఆ గేము అతను చివరిదాకా ఆడి పూర్తి చేశాడు. ఆటలో చోటు చాలకపోతే కొంచెం తగ్గించుకునే వీలుందని అప్పుడు తెలిసింది.

అసలు ఇబ్బంది చదువులో ఎదురైంది. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుకు అతను ఇంటర్నెట్ లేకుండా సొంత కంప్యూటర్‌లోనే నడిచే భాషా మోడల్ తీసుకున్నాడు. రైతులు తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పాలి. 700 కోట్ల పారామీటర్ల చిన్న మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే 4 జీబీకి కాస్త పైన అయింది. అది అతని కార్డులో సుఖంగా పట్టింది, అయితే తెలుగు తడబడింది. 1400 కోట్ల పారామీటర్లది మేలుగా మాట్లాడింది. అది కుదించాక కూడా ఒట్టి పారామీటర్లకే 7 జీబీ కావాలి. మిగతా హంగులతో 9కి చేరింది. దానికి తోడు ఆ మోడళ్లలో తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం కన్నా ఎక్కువ ముక్కలుగా విడిపోతుంది. ముక్కలు పెరిగినకొద్దీ సంభాషణను గుర్తుంచుకోవడానికి పట్టే మెమరీ కూడా పెరిగింది. కార్డులో పట్టని భాగాన్ని ప్రాసెసర్‌కు అప్పగిస్తే ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది. ఇక్కడ కిందికి జరుపుకునే సెట్టింగు లేదు. జరిపితే మోడలే చిన్నదైపోతుంది, తెలుగే పాడవుతుంది.

అదే రోజుల్లో పెద్దవాడికి ఒక పెద్ద పని వచ్చింది. ఒక కాలనీ మొత్తం చూపించాలి. ఇళ్లు, వాటి ముందు తోటలు, రోడ్డుకు రెండువైపులా చెట్లు, పచ్చిక. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ దృశ్యం తెరిస్తే కార్డు మెమరీ 11 జీబీ దాటింది. అతని కార్డు దాన్ని మోసింది. కుతూహలం కొద్దీ తమ్ముడి కంప్యూటర్‌లో పెట్టి చూస్తే మెమరీ చాలదన్న సందేశంతో మధ్యలోనే ఆగిపోయింది. ఏడాదిన్నర పాటు దండగ ఖర్చనుకుని కుమిలిపోయిన కార్డే అతనికి ఆ నెల సంపాదన తెచ్చిపెట్టింది. తమ్ముడు అన్నను అడిగి రాత్రిళ్లు ఆ కంప్యూటర్ మీదే తన ప్రాజెక్టు పూర్తి చేసుకున్నాడు.

దాంతో పెద్దవాడు తాను మొదటి నుంచీ తెలివైనవాడినని నమ్మడం మొదలుపెట్టాడు. చిన్నవాడు తాను మొదటి నుంచీ తెలివితక్కువవాడినని అనుకున్నాడు. ఇద్దరూ సీటీసీలో నిలబడినప్పుడు తమ పని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ సంగతి పట్టుకున్నది చెల్లెలు.

ఆమె 2025లో ఇంటర్ ముగించి ఆర్కిటెక్చర్ కోర్సులో చేరడానికి సిద్ధమైంది. తండ్రి ఆమెకూ కంప్యూటర్ కొనిస్తానన్నాడు. పెద్దన్న కళ్లు మూసుకుని పదహారు కొనమన్నాడు. చిన్నన్న కూడా అదే చెప్పాడు. ఆమె ఇద్దరి మాటా విన్నది. అయితే వెంటనే దుకాణానికి బయల్దేరలేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని అన్నల కంప్యూటర్ల ముందు కూర్చుంది.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంత నిండిందో చూపే చోటును పక్కన పెట్టుకుంది. ఒక్కో పనీ చేసి చూసి, పేజీకి ఒకవైపు ఎనిమిది, రెండోవైపు పదహారు అని రాసి కింద అంకెలు వేసింది. మొదటి రోజే ఆమెకు ఒక సంగతి తెలిసింది. పెద్దన్న కార్డు మీద 10 జీబీ నిండినట్టు చూపిన గేము, చిన్నన్న కార్డు మీద 7 జీబీలోనే సర్దుకుని అంతే బాగా నడిచింది. చోటు ఖాళీగా ఉంటే గేము దాన్ని ముందుజాగ్రత్తగా నింపి పెట్టుకుంటుంది. కాబట్టి పెద్ద కార్డు మీద కనిపించే అంకె అవసరం కాదు. అసలు అవసరం ఎంతో చిన్న కార్డు తడబడిన చోటే తెలుస్తుంది. ఆమె ఆ తడబడిన చోట్లను ఎర్ర సిరాతో గుర్తుపెట్టింది.

రెండో సంగతి, సగటు అంకెను నమ్మకూడదని. సెకనుకు సగటున 70 ఫ్రేములు వచ్చినా, మధ్యలో నాలుగైదు చోట్ల అర సెకను ఆగితే ఆడేవాడి చేతికి ఆ ఆగడమే తెలుస్తుంది. అందుకని ఆమె సగటు పక్కనే అన్నిటికన్నా తక్కువగా వచ్చిన అంకెను కూడా రాసుకుంది. కొన్నిచోట్ల సగటు రెండువైపులా ఒకటిగానే ఉండి, అట్టడుగు అంకెలో మాత్రం ఎంతో తేడా వచ్చింది. మూడో సంగతి, అంకెలు చెప్పనిది కళ్లు చెబుతాయని. కోట గోడ మీది పటం దగ్గర ఆమె చాలాసేపు నిలబడి చూసి, ముఖం తెలియడం లేదని రాసుకుంది.

వారం తిరిగేసరికి నోట్‌బుక్ నిండింది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి గేములకు 1080 తెర మీద ఎనిమిదిలోనే ఇంకా చోటు మిగిలింది. వాటి పేజీల్లో ఎరుపు లేదు. కొత్తగా వచ్చిన పెద్ద గేముల్లో కొన్నిటికి పైసెట్టింగుల దగ్గర ఎరుపు పడింది, ఒక మెట్టు దించితే పోయింది. పెద్దన్న చేసే పెద్ద దృశ్యాల పేజీ, చిన్నన్న ప్రాజెక్టు పేజీ పూర్తిగా ఎర్రబడ్డాయి. ఐదేళ్ల కోర్సులో తాను చేయబోయేది పెద్దన్న చేసే పనిలాంటిదే.

అప్పుడామె ధరలు చూసింది. 2025 ఏప్రిల్‌లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీది 379 డాలర్లకు, 16 జీబీది 429కి వచ్చాయి. జూన్‌లో ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీది 299కి, 16 జీబీది 349కి వచ్చాయి. రెండేళ్ల కిందట అన్నలు చూసిన 100 డాలర్ల తేడా 50కి దిగింది. తన పనికి బ్లెండర్‌లో వేగంగా పనిచేసేది మొదటిదని తెలుసుకుని, దానిలో 16 జీబీది రాసుకుంది.

ఆమె బయల్దేరుతుంటే పక్కింటి కుర్రాడు కూడా వెంట వచ్చాడు. ఈసారి అతని దగ్గర కాస్త ఎక్కువ డబ్బుంది. ఒకసారి దెబ్బతిన్నవాడు కాబట్టి, ఆమె ఏది కొంటే తానూ అదే కొనాలని నిశ్చయించుకున్నాడు. ఆమె అతని చేత అతను ఆడేవన్నీ చెప్పించుకుంది. స్నేహితులతో కౌంటర్ స్ట్రైక్, అప్పుడప్పుడు క్రికెట్ గేము, అంతే. తెర 1080దే. ఆమె నోట్‌బుక్ తిప్పి అతని పేజీలు అతనికే చూపించింది. వాటిలో ఎక్కడా ఎరుపు లేదు. అతని ప్రాసెసర్ మాత్రం ఎనిమిదేళ్ల నాటిది, ఫ్రేములు అక్కడే ఆగిపోతున్నాయి.

సీటీసీలో ఇద్దరూ ఒకే గల్లా ముందు నిలబడి రెండు వేర్వేరు బిల్లులు చేయించుకున్నారు. ఆమె 16 జీబీ కార్డు తీసుకుంది. అతను 8 జీబీ కార్డు తీసుకుని, మిగిలిన డబ్బుతో కొత్త ప్రాసెసర్, దానికి సరిపడే మదర్‌బోర్డు తీసుకున్నాడు. ఇద్దరూ తర్వాత తమ కొనుగోలు గురించి పశ్చాత్తాపపడలేదు. అన్నలిద్దరూ ఆ నోట్‌బుక్ తీసి చదివి, తమలో ఒకరు అదృష్టం వల్ల గట్టెక్కారని, ఒకరు అదృష్టం లేక ఇబ్బందిపడ్డారని, తెలివి మాత్రం ఇద్దరూ వాడలేదని ఒప్పుకున్నారు.

నీతి: గ్రాఫిక్స్ కార్డులో మెమరీ జీబీల అంకె చెప్పేది వేగం కాదు, చోటు. గాదె పెద్దదైనంత మాత్రాన పంట పెరగదు, పంట పెరిగిన ఏడు గాదె చాలకపోతే మాత్రం ధాన్యం వానపాలవుతుంది. కాబట్టి ఎక్కువ మెమరీ అవసరమా కాదా అన్న ప్రశ్నకు జవాబు డబ్బా మీద ఉండదు, మీరు చేసే పనిలో ఉంటుంది. కొనే ముందు ఆ పనిని కొలవండి: ఎనిమిది దాటితే పదహారుకు పెట్టే డబ్బు దండగ కాదు, దాటకపోతే ఆ డబ్బును మీ కంప్యూటర్‌లో నిజంగా వెనకబడిన భాగానికి పెట్టండి.